పదిహేడో నంబరు తీగబండి

చియాతురాలో ఆ రాత్రి
గని కార్మికుల పాత భోజనశాలలో
గోడకి దుప్పటి కట్టారు.
నలభై కుర్చీలు, పందొమ్మిది మంది,
ఒక కుక్క.
కుక్క మాత్రం చివరిదాకా కదల్లేదు.

సినిమా పదకొండు నిమిషాలు.
తీసినామె గురాండా.
అన్న తోటలో అక్రోటు కాయలు అమ్మిన డబ్బుతో
లెన్సు అద్దెకు తెచ్చింది.
తిండి ఖర్చు పిన్నిది:
జున్ను రొట్టెలు, తొమ్మిది రోజులూ అవే.

నా పని అడగడం.
కుతైసి నుంచి బస్సులో, ఒళ్ళో రికార్డరుతో
పొట్టి సినిమాల వాళ్ళ మాటలు ఏరుకుంటూ తిరుగుతాను,
దర్జీ కొట్టులో పీలికలు ఏరే పిల్లాడిలా.
వాటితో ఏం కుడతానో ఇంకా తెలీదు.

"ఆ గాలి చప్పుడు ఎక్కడ పట్టావు?"
"పట్టలేదు. ఆ వారమంతా గాలి లేదు.
స్నానాల గదిలో తడి దుప్పటి దులిపాం.
ఇదే దుప్పటి," అని తెర చూపించింది.
నవ్వులు. ఎవరో వెళ్ళి దాన్ని ముట్టుకుని చూశారు.

"కోత ఎక్కడ వెయ్యాలో ఎలా తెలుస్తుంది?"
కాసేపు గోరు కొరికింది.
"పిండిలో నీళ్ళు ఎన్నని అడిగితే
మా అమ్మ లెక్క చెప్పేది కాదు.
చేతికి అంటుకోవడం మానేదాకా, అనేది.
ఆ మానే క్షణం నాకెప్పుడూ
రెండు ఫ్రేములు ఆలస్యంగా తెలుస్తుంది.
ఆ రెండు ఫ్రేములే నా శైలి అని ఎవరో రాశారు.
రాసుకోనీ."

అప్పుడు లేచాడు వెనక వరసలోంచి
మూర్మన్. ఇరవై ఆరేళ్ళు గనిలో చేసినవాడు.
టోపీ తియ్యలేదు.
"ఆ చక్రం ఎడమకి తిరగదు."

ప్రొజెక్టరు పంకా చప్పుడొక్కటే.

"తిరగదు," ఒప్పుకుంది గురాండా.
"ముందు షాట్‌లో త్సియాలా కుడివైపు చూస్తుంది,
బండి అటునుంచి రావాలి.
నా దగ్గరున్నది పోయే బండి.
అద్దంలో బొమ్మలా తిప్పి అతికించాను.
మూడు దేశాల జ్యూరీలు చూశాయి,
ఒక్కరూ పట్టుకోలేదు."

"మరి నంబరేదీ?"

"పదిహేడు తిరగబడుతుంది కదా.
ఒక్కో ఫ్రేములోనూ చెరిపాను. నాలుగు రాత్రులు."

"పదిహేడు," అన్నాడు, ఆమెతో కాదు.
"రెండో షిఫ్టు వాళ్ళం అందులో ఎక్కేవాళ్ళం.
తలుపుకి గడియ ఉండేది కాదు,
తాడుతో కట్టేవాడు షోతా.
షోతా ఓసారి పైకి వెళ్ళాడు."
కుర్చీ వీపు పట్టుకున్నాడు.
"నీ సినిమాలో అది ఇంటికొస్తోంది."

"అసలు షాట్ ఉంది, మార్చేస్తాను," అని
గురాండా మొదలుపెట్టేలోపు
చెయ్యి ఊపాడు.
ఉంచమనో, పొమ్మనో,
ఇన్నేళ్ళుగా మనుషుల్ని అడిగే నాకే అర్థం కాలేదు.
ఊపడం రికార్డరుకి వినబడదు.
అందులో ఉన్నది కుర్చీ జరిగిన చప్పుడు,
ఆ వెనకే
సిమెంటు గచ్చు మీద కుక్క గోళ్ళు.
కుక్క అతనిదని అప్పుడు తెలిసింది.

జనం వెళ్ళాక
దుప్పటి మడతపెట్టడానికి రెండో మనిషి కావాలి.
రెండు కొసలు నాకిచ్చింది.
దగ్గరకి, దూరానికి, మళ్ళీ దగ్గరకి.
ముక్కుకి సబ్బు వాసన, కొంచెం నూనె.
రికార్డరు సంచిలో పెట్టేశాను,
మంచి మాటలన్నీ అప్పుడే వస్తాయని తెలిసీ.

"నంబరు తిరిగి రాయాలి," అంది,
"సరిగ్గా, చదివితే పదిహేడు అనిపించేలా.
బండిని మాత్రం అటునుంచే రానిస్తాను."
"చక్రమో?"
"ఎడమకే. అది అబద్ధమని
ఈ ఊళ్ళో ఒకాయనకి తెలుసు, చాలు."

"మళ్ళీ నాలుగు రాత్రులా?"

మడతను కడుపుకి ఆనించి అదిమింది.
"మూడు.
ఈపాటికి చెయ్యి తిరిగింది కదా."