ఇతరములు

ఫైరింజన్లు రెండింటినీ బయట మంచులోకి తోలి
ఆ చోట అరవై కుర్చీలు వేశాం.
నలభై ఒక్క మంది వచ్చారు.
కాఫీ మాత్రం అరవై మందికి సరిపడా అయిపోయింది.

బోస్టన్ నుంచి వచ్చిన ప్లానర్ కుర్రాడు
మెయిన్ స్ట్రీట్‌ని బల్ల మీద దుప్పటిలా పరిచాడు.
నచ్చిన చోట పచ్చ చుక్క అంటించండి,
నొచ్చిన చోట ఎర్ర చుక్క, అన్నాడు.
మనిషికి మూడేసి.

లూసియన్ ఊలెట్ తన మూడు ఎర్ర చుక్కల్నీ
ఒకదాని మీద ఒకటి అంటించాడు,
ఒకప్పటి బూట్ల ఫ్యాక్టరీ మీద.
పటంలో అది పార్కింగ్ స్థలం.
"ఇక్కడా నొప్పి?" కుర్రాడు డాక్టర్లా అడిగాడు.
"మోకాళ్ళలో" అన్నాడు లూసియన్,
"ముప్పై ఏళ్ళు నిలబడింది అక్కడే."

ఒకాయన, పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు,
మురుగునీటి బిల్లు పట్టుకొచ్చాడు.
తలా ఓ మాట.
నేను పట్టణ కార్యాలయం గుమాస్తాని,
నా పని రాసుకోవడం.
రవాణా, వ్యాపారం, ఉద్యానవనాలు, ఇతరములు:
నాలుగు గళ్ళు.

హోదన్ అబ్షిర్ చుక్కలు పుచ్చుకోలేదు.
ఒక బెంచీ కావాలంది.
ఏమీ కొనకుండా కూర్చోగలిగేది.
బస్సు కోసమా?
కాదు.
ఎవరి కోసమైనా ఎదురుచూడ్డానికా?
కాదు, కూర్చోడానికి.
ఇతరములు.

సెలెస్టిన్ మిషో చెయ్యి వణుకుతూ వెళ్ళి వెళ్ళి
వంతెన దాటింది, నది దాటింది,
కాగితం అంచు దాటి ఉత్త బల్ల మీద ఆగింది.
పచ్చ చుక్కని బొటనవేలితో గట్టిగా నొక్కింది.
"అది మన పరిధిలో లేదండీ."
"తెలుసు నాయనా.
అక్కణ్ణించి చూస్తేనే ఊరు బాగుంటుంది."

పెట్టెలో పడ్డ చీటీల్లో పేరు లేనిది ఒకటి:
*2009లోనూ అడిగారు. ఇదే హాలు.
అప్పుడు డోనట్లు కూడా పెట్టారు.*

మర్నాడు అడుగు సొరుగులో ఆ పాత నివేదిక దొరికింది.
అట్ట మీద రంగుల బొమ్మ:
మా వీధే, రెండు వైపులా చెట్లు,
చెట్ల కింద సన్నగా పొడుగ్గా నవ్వుతూ జనం.
ఎవరో వాళ్ళు. మా ఊళ్ళో ఎప్పుడూ చూళ్ళేదు.
ఒక్కరికీ చలికోటు లేదు.

టైపు చేస్తూ కూర్చున్నాను.
మిగతా మూడు గళ్ళూ ఒక్క పేజీలో సర్దుకున్నాయి,
ఇతరములు పదకొండు పేజీలైంది.
కాస్త కుదించమని బోస్టన్ నుంచి కబురు.
ఏది కుదించను,
మోకాళ్ళనా, అవతలి ఒడ్డునా?

బెంచీకి కొలత రాయలేదని గుర్తొచ్చి
హోదన్‌కి ఫోన్ చేశాను.
ఎంత పొడవు ఉండాలమ్మా?
వెనక కుక్కర్ చప్పుడు, పిల్లల గోల,
చాలాసేపు ఆలోచించింది.
ముగ్గురికి, అంది.
నాకు.
ఇంకో ఇద్దరికి.
వాళ్ళెవరో ఇంకా తెలీదు.