చేత్తో రాసిన దారి

ఏనుమాముల యార్డుల రాత్రి పదిన్నర.
గేటు దాకా మిర్చి బస్తాలు,
బస్తాల మీద మనుషులు,
మనుషుల మీద ఘాటు.
సర్వర్ గది తలుపేసుకున్నా నాకు తుమ్ములు ఆగుతలేవు.

లాట్ చీటీలు హైదరాబాదుకు పోతలేవు.
పొద్దటి సంది పోతలేవు.
నంబర్లు పైకెక్కకపోతే తెల్లారి జెండా పాట లేదు.
సెక్రటరీ మూడుసార్లు తలుపు తీసిండు,
ఏమీ అనకుండ మూసిండు.
అన్నదానికంటే ఎక్కువ అది.

నెట్‌స్టాట్ అని కొట్టి, పక్కన ఆర్ పెట్టి
ఎంటర్ నొక్కిన.
ఒక్క వరుస వచ్చి ఆగింది.
ప్రతి అంకెకూ పేరేమిటని
ఎవరినో అడగబోయి,
అడిగే దారే తెగిపోయి,
తెర అట్లనే నిలబడ్డది,
అడ్రసడిగితే ఆకాశం దిక్కు చూసే ముసలాయన లెక్క.

మళ్ళ కొట్టిన, ఈసారి ఎన్ కలిపి.
ఎన్ అంటే పేర్లొద్దు, అంకెలు చాలు.
గబగబ దిగింది పట్టిక
నర్సంపేట బస్సులకెంచి జనం దిగినట్టు.

మొదటి వరుస డిఫాల్ట్.
ఎటు పోవాల్నో తెలియనివన్నీ ఇటు పంపుమని.
మా కాజీపేట వంటిది అది:
బల్లార్షా పోయేటోడైనా, బెజవాడ పోయేటోడైనా
ముందుగాల ఇక్కడ దిగు, తర్వాత చూద్దాం.
ఇంకో వరుస నూటిరవై ఏడు,
తనకు తానే రాసుకొని తానే చదువుకునే ఉత్తరం.
తీగలన్నీ తెగినా అదొక్కటి చేరుతది.

నడుమ, వేలు పెట్టి చదువుతుంటే, దొరికింది.
పది చుక్క ఇరవై వాడకు పోవాలంటే
పది చుక్క నాలుగు చుక్క సున్నా చుక్క తొమ్మిది.
పక్కన మూడక్షరాలు, యు జీ ఎస్.
యు అంటే దారి బతికే ఉన్నదని.
జీ అంటే నడుమ ఒకరి చేతికియ్యాలని.
ఎస్ అంటే,
ఈ దారి ఎవరో మనిషి చేత్తో రాసిపెట్టిండని.

ఓదేలు సారు రాసి ఉంటడు.
నాకంటే ముందు ఈ కుర్చీల కూసున్నాయన.
తొమ్మిది అంటే పాత కాటా గదిల పెట్టె.
ఆ గది రెండేండ్ల కింద వానకు కూలింది.
పెట్టెను నేనే తీసి, తుడిచి, బీరువా మీద పెట్టిన.
ఇగో, ఇప్పుడు కూడా తలెత్తితే కనబడుతది.
దారి మాత్రం పట్టికల అట్లనే ఉన్నది
బతికున్న బతికున్న అనుకుంట.

ఇన్నొద్దులు ఆ వాడకు ఎవరూ పోలేదు
కాబట్టి ఎవరూ తప్పిపోలేదు.
నిన్న రాత్రి హైదరాబాదోళ్లు సర్వర్‌ను
సరిగ్గ ఆ వాడకే మార్చిన్రు.
లోకం మొత్తానికి దారి చెప్పేటోడు డిఫాల్ట్,
కానీ ఒక్క వాడ గురించి తెలుసన్నోడు వస్తే
పక్కకు జరిగి నిలబడుతడు.
అడ్రసు దగ్గరగా చెప్పినోని మాటే ఇక్కడ చెల్లుబాటు,
చెప్పింది కూలిన గదే అయినా.

తలుపు దగ్గర యాకమ్మ.
పర్వతగిరి నుంచి చపాటా, పదకొండు బస్తాలు.
"ఏం చదువుతున్నవ్ బిడ్డా గన్ని అంకెలు? పేర్లు లెవ్వా?"
"పేర్లడిగితే ఆలిశమైతదమ్మా."
చేతిల చీటీ దీపం కిందికి పట్టుకున్నది.
రెండు వేల రెండొందల పదిహేడు.
"గిండ్ల గూడ లేదు," అన్నది.
నవ్విందో, దగ్గిందో, ఆ ఘాటుల తెలువలేదు.

రూట్ డిలీట్ అని రాసి
ఎంటర్ మీద వేలు ఆపిన.
ఓదేలు సారు ఈ వరుస రాసిన రాత్రి
ఇట్లనే ఎవరో తలుపు దగ్గర నిలబడి ఉంటరు.
వాళ్ల చీటీలు ఆ రాత్రి చేరే ఉంటయి.
నొక్కిన.

కాసేపు ఏం లేదు.
తర్వాత అవతలి నుంచి ఒక్కటొక్కటే జవాబు.
రెండు వేల రెండొందల పదిహేడు
పోయిందా అని వెతికిన. పోయింది.
చెపుదామని బయటికొస్తే ఆమె లేదు.
ఇన్ని బస్తాల నడుమ ఏడ ఒరిగిందో.
అంకె పెట్టి పిలవలేను గద.

"యాకమ్మా!" అన్న.

నలుగురు లేచిన్రు.