కోడి అంటే ఇరవై

పర్లాకిమిడి బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు.
షట్టరు సగానికి దించాక
బెహరా బాబు పాత ల్యాప్‌టాప్ నాది, రాత్రి పది దాకా.
ఒకే కోడ్ మూడు తెరల మీద నడవాలి:
నా ఆండ్రాయిడ్,
అద్దం పగిలిందని ఎవరో ఇచ్చి మళ్లీ రాని ఐఫోన్,
మీటలు రెండు ఊడిన ఈ ల్యాప్‌టాప్.

డాలరు పెడితే రూపాయి రావాలి. అంతే.
నేర్చుకోడానికి ఇంతకన్నా చిన్న పని లేదన్నాడు
వీడియోలో పాఠం చెప్పేవాడు.
అతని వెనక గోడకి గిటారు.
నేను ఇంతవరకు డాలరు ముట్టుకోలేదు.

ఆండ్రాయిడ్‌లో కుదురుగా కూచున్న మీట
ఐఫోన్‌లో నెత్తిమీది నల్లగాటు కిందకి దూరి దాక్కుంది.
దాన్ని లాక్కొచ్చేసరికి లక్ష దగ్గర కామా తగువు.
వాళ్లకి మూడేసి సున్నాలు,
మనకి ముందు మూడు, ఆపైన రెండేసి.
గీత కాస్త జరిగితే ఊరు ఎవరిదైపోతుందో
ఇక్కడ పుట్టినదానికి
ఒకరు చెప్పాలా.

ఎండుచేపల గున్నమ్మ ఫోను చార్జింగుకి ఇచ్చి
గంప దించింది. కొట్టంతా నెత్తళ్ల వాసన.
"ఏటే చంద్రమణీ, రోజూ ఏటి కుట్తన్నావు?"
ఒక దేశం డబ్బు ఇంకో దేశం డబ్బు అవుతుందని చెప్పాను.
"అవుద్దా? దానంతటదే?"
వేలి ఉప్పు కొంగుకి తుడుచుకుని
పెట్టెలో ఏమీ వెయ్యకుండానే నొక్కింది.

తెర మీద: సంఖ్య కాదు.

"సంకె కాదంట. మరేటంట?"
ఖాళీకి ఏం జవాబివ్వాలో నేను రాయనేలేదు.
ఆ రాత్రి రాశాను:
ఏమీ ఇవ్వకపోతే సున్నా అనకు.
ఊరుకో.

చిన్నప్పుడు ఈ గంప పక్కనే కూచుని విన్నాను.
ఒడియా బేరగాడు "దుయి కోడి" అంటే
రెండు కోళ్లు ఎక్కడున్నాయా అని
గోనె ఎత్తి మరీ వెతికాను.
కళ్లనీళ్లొచ్చేలా నవ్వి చెప్పింది గున్నమ్మ:
కోడంటే ఆళ్లకి ఇరవయ్యే, మనకి కూర.
రెండు భాషల లెక్కా ఆవిడ వేళ్ల కణుపుల మీదే.
సంతకం మాత్రం ఏ భాషలోనూ లేదు.

యూరో, యెన్, దినారు, రియాలు.
ఆ జాబితా అడుగున
ఎవరూ అడగని వరస ఒకటి చేర్చాను.
కోడి. ఒకటికి ఇరవై.
బెహరా బాబు కళ్లజోడు పైకి తోసి
"ఎటా తో టొంకా నుహె" అన్నాడు.
టంక కాదు బాబూ. తెలుసు.

ఆదివారం పాతపట్నం వెళ్లే ఆటోలో
ఒడిశా సిగ్నల్ వదిలేసి ఆంధ్రది ఇంకా అందుకోని చోట
డాలరు నిన్నటి ధర దగ్గర నిలబడిపోయింది.
నిన్నటిదని కింద రాయడం మర్చిపోయాను,
ఇంటికెళ్లి అదొకటి సరిచెయ్యాలి.
కోడి మాత్రం ఇరవై.

పక్కావిడ సంచిలోంచి
నిజం కోడి ఒకటి మెడ సాచి
నా తెరకేసి
ఒంటికన్నుతో చూసింది.