స్తంభం నంబరు

మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి
సిటీ హాలు కిటికీలు పళ్ళు కొరుకుతుంటాయి.
నా పేరు లొరెయిన్. కౌన్సిల్ మాట్లాడుతుంది, నేను రాస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే కుర్చీ, ఇదే నల్ల సిరా.
ఏడుపు రాయకూడదు. నవ్వు రాయకూడదు.
తలుపు విసిరికొట్టి పోయినవాణ్ణి
"ఏడు గంటల పన్నెండుకి నిష్క్రమించారు" అనాలి.

ఆరో అంశం, రోడ్ల మీద మంచుకి చల్లే ఉప్పు.
నలభై నిమిషాలు ఉప్పే తిన్నాం.
ఏడో అంశం, తూర్పు పద్దెనిమిదో వీధి:
పాడుబడ్డ ఇళ్ళు, జనం భద్రత.
మైకు ముందు మనిషికి మూడు నిమిషాలు.
ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.
మాటక్కూడా కూడలి దీపాలు పెట్టుకున్నాం మేం.

మొదట టీకారామ్ అధికారి.
భూటాన్‌లో పుట్టి, నేపాల్ శిబిరంలో పద్దెనిమిదేళ్ళుండి,
ఇక్కడ కారే కప్పు కింద ఉంటున్నవాడు.
ఆయనదో వాక్యం, కూతురు తర్జుమా ఓ వాక్యం,
ఆ లెక్కన ఆయనకి దక్కింది నిమిషమున్నరే.
ఇంటి ఓనరెవరని అడిగితే
ఒక పోస్టు బాక్సు నంబరు చెప్పాడు.
చివరి మాట కూతురు తర్జుమా చెయ్యలేదు.
తల వంచుకుని కోటు గుండీ పెట్టుకుంది.
నేనూ రాయలేదు.

తర్వాత ఒడెస్సా ట్రిబుల్.
ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు తోలిన మనిషి
మైకుని గేరు రాడ్డులా దగ్గరికి లాక్కుంది.
"ఆ ఖాళీ ఇల్లు కూలుస్తారో నిలబెడతారో మీ ఇష్టం.
దాని ముందు దీపం ఆరి పద్నాలుగు నెలలు.
పొద్దున ఆరుంబావుకి నా మనవడు
అక్కడే బడి బస్సు కోసం నిలబడతాడు.
కిటికీలోంచి నాకు కనిపించేది
వాడి బూట్ల చప్పుడొక్కటే."

"స్తంభం నంబరు ఉందా అమ్మా?"
అడిగాడు కౌన్సిలర్ బ్రెనెకీ,
ఉండదులే అన్న ధీమాతో.
ఆవిడ అరచెయ్యి తెరిచింది. బాల్‌పెన్ను అంకెలు.
నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు.
అంతలో ఎర్రదీపం వెలిగింది.
"ఇది మాత్రం బాగానే వెలుగుతోందే" అంది.
హాలంతా నవ్వింది. అదీ రాయలేదు.

అయిదుకి రెండు. ఇళ్ళ సంగతి కమిటీకి పోయింది.
దీపానికి మాత్రం వర్క్ ఆర్డరు రాశారు, నా కాగితం చూసి.

మూడు వారాలకి నిచ్చెన లారీ వచ్చింది.
బేస్‌బాల్ మైదానం పక్క
శుభ్రంగా వెలుగుతున్న బల్బు తీసేసి
కొత్త బల్బు పెట్టి పోయింది.
నాలుగు, నాలుగు, ఏడు, ఒకటి.
ఆ రాత్రి ఏ జాములోనో నా చేతి కింద
ఒకటీ ఏడూ చోటు మార్చుకున్నాయి.
ఒడెస్సా ఫోన్ చేసింది. అరవలేదు.
"దీపం బాగుంది. నాది కాదు" అని పెట్టేసింది.

"గత సమావేశం మినిట్స్‌లో సవరణలేమైనా?"
ప్రతినెలా అడిగే మాట,
జవాబు కోసం కాదు, ఊపిరి తీసుకోడానికి.
అధ్యక్షుడి సుత్తి అప్పటికే గాల్లో ఉంది.
చెయ్యెత్తే హక్కు నాకుందో లేదో తెలీదు.
ఎత్తాను.
ఏడుగురూ నా వైపు చూశారు,
కుర్చీ మాట్లాడినట్టు.
నా తప్పు నేనే చెప్పి, నేనే రాసుకున్నాను.

కొత్త ఆర్డరు వెళ్ళింది. బల్బు రాలేదు.
ఎలక్ట్రిక్ కంపెనీ స్తంభం సిటీది అంది,
సిటీ తీగ కంపెనీది అంది.
చీకటి మాత్రం ఎవరిదో ఎవరూ అనలేదు.

ఇక లాభం లేదని
నాలుగు పొద్దులు ఆరింటికే పోయి
ఆ స్తంభానికి ఎదురుగా కారాపి
హెడ్‌లైట్లు వేసి కూర్చున్నాను.
పిల్లాడు కళ్ళు చికిలించి నన్ను చూసేవాడు,
సంచీ ఛాతీకి అడ్డం పెట్టుకుని.
బస్సు రాగానే వెళ్ళిపోయేదాన్ని.

ఈ మంగళవారం పోలీసు నివేదిక చదివారు:
"తూర్పు పద్దెనిమిదో వీధి. అనుమానాస్పద వాహనం.
నాలుగు ఉదయాలు. దీపాలు వెలుగుతూ.
ఫిర్యాదు: ఒడెస్సా ట్రిబుల్."
అక్షరం పొల్లుపోకుండా రాశాను.
స్తంభం నంబరు రెండుసార్లు సరిచూసుకున్నాను.