అంగుళం ఎత్తు లేని గడప

డెస్మండ్ టేపు లాగి మిల్లీమీటర్లు చెబుతాడు.
నేను మోచెయ్యి ఆనించి మూరలు చెబుతాను.
ఇద్దరి లెక్కా కలిసేలోగా టీ చల్లారిపోతుంది.

కవెంట్రీలో, వరసిళ్ళ వీధిలో, మా మెట్ల కింద
చీపుర్లూ పాత బూట్లూ ఉండాల్సిన గూట్లో
మూడేళ్ళుగా నా ఆఫీసు.
ఒకరి మాటని ఇంకొకరికి అందించడం నా పని.
హెడ్‌సెట్ పెట్టుకోగానే ఆసుపత్రి ఇంట్లోకొస్తుంది.
"ఊపిరితిత్తి మీద నీడ కనబడింది" అని
అక్కడెవరో డాక్టరు ఇంగ్లీషులో అంటుంది.
నేనెన్నడూ చూడని పెద్దాయనకి
ఆ నీడని తెలుగులో చూపించాల్సింది నేను.
ఆయన ఏమీ అనడు.
ఏమీ అనకపోవడాన్ని ఏమని అనువదించను?
లైను తెగుతుంది.
నాలుగడుగుల్లో వంటగది. పప్పు అడుగంటిన వాసన.

గోడలకి చెవులుంటాయంటారే,
మా గోడలకి రోగాల పేర్లన్నీ కంఠతా వచ్చేశాయి.
మొన్న మేదిని, ఆరేళ్ళది, బొమ్మ పొట్ట నొక్కి చూసి
"బయాప్సీ చెయ్యాలమ్మా" అంది.
ఆ రాత్రే డెస్మండ్‌కి ఫోన్ చేశాను.

అతను నా సంగతి అడగలేదు. ఇంటి సంగతి అడిగాడు.
బీరువా జరిపి, వెనక నల్లగా పాకిన బూజుని
వేలితో కాదు, పెన్సిల్ మొనతో చూపించి
"ఇల్లు ఊపిరి బిగబట్టుకునుంది" అన్నాడు.
బాయిలరు పక్కన, వాసన లేని విషాన్ని
పసిగట్టే తెల్ల డబ్బీ బిగించాడు.
కార్పెట్ కింద దాక్కున్న వైర్లని బయటికి లాగి తిట్టాడు.
చవక చెక్క వద్దన్నాడు,
అందులోని జిగురు ఏళ్ళ తరబడి గాల్లోకి ఊరుతుందట.
బల్ల గూట్లోంచి కిటికీ దగ్గరికి నడిచింది.
మాట అవతలికి పోకుండా గోడకి బెరడు పలకలు.

"ఈ ఊళ్ళో రిబ్బన్లు నేసేవాళ్ళు" అన్నాడు రంపం ఆపి,
"కింద కాపురం, పైన మగ్గం. పై అంతస్తు నిండా కిటికీలే."
మా అమ్మమ్మది మంగళగిరి, మగ్గం గుంట ఉన్న ఇల్లని చెప్పాను.
గుంటలో కాళ్ళు, చెమ్మలో మోకాళ్ళు,
పడుగు కిందే పిల్లల నిద్ర.
నూలు దుమ్ము దగ్గు
ఆవిడ మగ్గం దిగాక కూడా దిగేది కాదు.
దిగి ఎక్కడికి పోతుంది, దాని ఇల్లూ అదేగా.
డెస్మండ్ తలూపాడు. వాళ్ళ నాన్నకీ ఏదో దగ్గుండేదట.
ఏ ఫ్యాక్టరీదో చెప్పలేదు.

ఆఖర్న అడిగాను, నాకో గడప కావాలని.
"తలుపుందిగా?"
తలుపు కాదు. గడప. దాటానని కాలికి తెలిసేది.
అతను వంగి నేల తడిమి, తల అడ్డంగా ఊపాడు.
వేడి గిన్నెతో నువ్వో, పరిగెత్తుకొస్తూ పిల్లో
తట్టుకుని పడతారు. ఎత్తు పెట్టనంటే పెట్టను.
రెండు రోజులు ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

మూడోనాడు నేల కోసి
బెత్తెడు వెడల్పున వేరే చెక్క పొదిగాడు.
నూనె పట్టించిన ముదురు వాల్‌నట్,
చుట్టూ ఉన్న పలకలకన్నా వెంట్రుకంత కూడా లేవదు.
"చెప్పులు విప్పి నడువు" అన్నాడు.
నడిచాను.
ఎత్తు లేదు. చల్లదనం మారింది. చారల దిక్కు మారింది.
పాదం దానంతటదే ఆగింది.

నిన్న ఒక పురిటి కాల్.
ఆడపిల్ల, రెండు కిలోల ఏడొందలు.
తల్లి ఏడుస్తూ నవ్వుతోంటే నాతో ఎవరికీ పని లేకపోయింది.
ఫోన్ పెట్టేసి లేచి, గడప మీదే నిలబడ్డాను.
ఈ ఒక్కదాన్నీ వంటగదిలోకి తెచ్చుకోవచ్చా అని
డెస్మండ్‌ని అడగాలనిపించింది.
అవతలినుంచి మేదిని
ఒంటికాలి మీద గెంతుతూ వస్తోంది,
ఆ చెక్కని తొక్కుడుబిళ్ళ కోసమే గీశారనుకుని.