పుర్రచెయ్యి

ఎవెన్యూ రోడ్డు రంగుల షాపులో
ముందు చూసింది ఆవిడే,
నా డబ్బా మూత మీద గీసుకున్న మూడు కొమ్మల అక్షరాన్ని.
"ఇది మీకెక్కడిది?"
"మా అమ్మ సుద్దతో గుమ్మానికి రాసేది."
చిల్లర తీసుకోవడం ఇద్దరం మర్చిపోయాం.

ఫ్లోరా నవ్‌గావ్‌కర్.
రాగిరేకుల మీద యాసిడ్ పోసి బొమ్మలు తీస్తుంది.
లింగరాజపురం, రెండో అంతస్తు,
శుక్రవారం పొద్దు గుంకేలోపు రమ్మంది.

నేను చేబ్రోలు అవతల పల్లె వాణ్ణి, బోర్డులు రాసేవాణ్ణి.
ఫ్లెక్సులొచ్చాక గోడలు నన్ను పిలవడం మానేశాయి.
ఇప్పుడు మిగిలినవి అపార్ట్‌మెంట్ల పార్కింగ్ నంబర్లూ,
ఇక్కడ ఉచ్చ పోయరాదు అని కన్నడంలో నాలుగు ముక్కలూ.

పుర్రచేతి వాణ్ణి.
పంతులు స్కేలుతో కొట్టినా మారని చెయ్యి.
తెలుగు ఎడమ నుంచి కుడికి పోతుంది,
తడి అక్షరాల మీదుగానే నా అరచెయ్యి నడవాలి.
ఇరవై ఏళ్లు రాసిన కిరాణా కొట్లన్నిటి మీదా
ఎక్కడో ఓ మూల నా మణికట్టు మరక ఉంటుంది.

ఆ ఎండాకాలం ఊరంతా బోర్లు ఎండిపోయాయి.
రొట్టె ముందు చేతులు కడుక్కున్న నీళ్లు బకెట్లో పట్టి
ఫ్లోరా వాటితోనే రేకులు కడిగేది.
గ్యాలరీవాళ్లు ఆవిడ బొమ్మలు దించేశారు,
ప్రస్తుతానికి, అన్నారు.
తప్పేమీ చెప్పలేదు. ఇంటిపేరు మాత్రం రెండుసార్లు అడిగారు.
ఆ వారం నా దగ్గర అద్దె లేదు.
అడక్కుండానే ఫ్లోరా నా చేత
తన పాత డబ్బాలన్నిటికీ పేర్లు రాయించి కూలి ఇచ్చింది.
ఉప్పు డబ్బాకి కూడా.

సల్హా ఆంటీ కాక్స్‌టౌన్ నుంచి ఆటోలో వచ్చేది.
ఒకప్పుడు పింగాణీ కప్పుల మీద గులాబీలు వేసిన మనిషి.
చూపు పోయింది. మా పనిని వేళ్లతో తడిమి
బాగుందనో, గరుకుందనో అంటుంది.
నాలుగో వాడు నఫ్తాలీ, నాటకాలకి అట్ట ముసుగులు చేస్తాడు.
తన మొహం దాచుకోవడం మాత్రం రాదు.

ఎర్నాకుళంలో వాళ్లమ్మ పోయింది.
పదిమంది లేందే చెప్పకూడని ప్రార్థన ఒకటుంది.
మేం నలుగురం.
ట్యాంకర్ డ్రైవర్ని కలుపుకున్నా అయిదుగురం.

"రాయి చెక్కడానికి నెలలు పడుతుందట,
చెక్క మీదైనా పేరు రాస్తావా?" అన్నాడు నఫ్తాలీ.
ఆ అక్షరాలు చదవడం నాకు రాదు, గీయడమే వచ్చు.
ఫ్లోరా చెప్పింది, మన గ్రంథం తోలు మీద రాస్తారు, తెలుసా, అని.
తెలీదు.
మా తాత తోలు కోసి కుట్టాడు,
ఆ వాసనకే ఊరు మమ్మల్ని పొలిమేరలో పెట్టింది.
కాసేపు బ్రష్ పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

తలకట్టు గీసి అలవాటైన చెయ్యి.
ఇవి గీత మీద కూర్చోవు, పైగీతకి వేలాడతాయి.
నఫ్తాలీ ఒక్కో అక్షరం పలికాడు. రేష్. హేత్.
కుడి నుంచి ఎడమకి కదిలింది నా పుర్రచెయ్యి,
తడి వెనకే ఉండిపోయింది, కుడివైపున, మెరుస్తూ.
పుట్టి నలభయ్యారేళ్లకి మొదటిసారి
నా మణికట్టు శుభ్రంగా ఉంది.

లామెద్ ఆఖరిది. అదొక్కటే గీత దాటి పైకి లేస్తుంది.
రాహేల్, అన్నాడు నఫ్తాలీ. అంతే, ఇంకేం అనలేదు.

సల్హా ఆంటీ చెయ్యి చాచింది.
ఆరలేదాంటీ అనేలోపే
లామెద్ మెడ మీద ఆమె వేలు పడింది.

సరిచేద్దామని బ్రష్ ముంచాను.
ఫ్లోరా కిటికీ వైపు చూసింది.
పొద్దు గుంకింది, ఇక రాయకూడదు.
దీపాలు వెలిగి ఉన్నాయి.

నఫ్తాలీకి ఆదివారం రైలు.
ఎనామిల్ ఆరడానికి ఒక శనివారం చాలు,
వేలిముద్రతో సహా.