రాగి నీళ్ళు

మొదట చూసింది నేనే.
నర్సాపురంలో పళ్ళ డాక్టరు గారి ముందు గది.
పొద్దున్నే గచ్చు తుడుస్తూ
అద్దానికి ముక్కు ఆనించి చూస్తే
జోకరు చేప రెక్క మీద
నాలుగు రవ్వ పలుకులు.

"ఉప్పు అంటుకుందేమో ఏసుపాదం" అన్నారు డాక్టరు గారు.
ఉప్పు నీళ్ళలో ఉప్పు అంటుకోదండీ.
మధ్యాహ్నానికి నీలం చేప
రాతికేసి ఒళ్ళు రుద్దుకుంటోంది.
గోళ్ళు లేనివాళ్ళకి దురదేస్తే
ఇంకేం చేస్తారు.

మాది బియ్యపుతిప్ప.
మా నాన్న చేప గురించి అడిగేవి రెండే మాటలు:
వలలో పడిందా, ఐసులో పెట్టారా.
చేపకి మందేస్తారని ఎవరైనా చెబితే
చుట్ట నోట్లోంచి తియ్యకుండానే నవ్వేవాడు.
అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.
"ఊరి చివర సముద్రం పెట్టుకుని
చెన్నై నించి ఉప్పు బస్తా తెప్పిస్తారంట్రా!"

మందు అంటే రాగి.
చిన్నప్పుడు తమలపాకు తోటల్లో కూలికెళ్ళి
మైలుతుత్తం కలిపిన చేతులివి.
అన్నం ముద్ద కూడా నీలంగా కనపడేది.
ఈ సీసాలోది అదే వంశం,
కాకపోతే చదువుకున్న తమ్ముడు.
తగ్గితే పురుగు బతుకుతుంది,
పెరిగితే చేప పోతుంది,
మధ్యలో సందు చీపురుపుల్లంత.

రొయ్యల చెరువులకి నీళ్ళు పరీక్ష చేసే
భీమవరం కుర్రాడు ఫోన్లో చెప్పాడు:
"ఒంటి మీదున్నంతసేపూ దాన్నేం చెయ్యలేం అన్నా,
చేప చర్మమే కప్పుకుని పడుకుంటది.
రాలిపోయి ఇసకలో ముడుచుకున్నా అంతే,
రాగి లోపలికెళ్ళదు.
పిల్లలై బయటికొచ్చి
చేప కోసం వెతుక్కుంటూ ఈదుతాయే,
ఆ ఒక్క పూట దొరుకుతాయి."

ఆ పూట ఎప్పుడో ఎవరికీ తెలీదు.
అందుకని నెల్రోజులు కాపలా.

ఎక్స్‌రే గదిలో చిన్న తొట్టె పెట్టాం.
ఇసక లేదు, రాయి లేదు,
దాక్కోడానికి ప్లంబరు వదిలేసిన పైపు ముక్క.
రొయ్యనీ నత్తనీ పెద్ద తొట్టెలోనే ఉంచేశాం,
వాటికి రాగి చుక్క పడిందా, అంతే.

రోజూ గాజు గొట్టంలో నీళ్ళు పట్టి
పొడి వేసి కుదిపి
రంగుల కార్డు పక్కన పెట్టి చూస్తాను,
కిటికీ దగ్గరే, ట్యూబులైటు అబద్ధం చెబుతుంది.
ఒకటి. ఒకటిన్నర. రెండు.
నాలుగు రోజులు పట్టింది రెండున్నరకి రావడానికి.
కరెంటు పోయినప్పుడల్లా
సైకిలు పంపు పట్టుకుని కూర్చున్నాను.

ఆరో రోజు నీలం చేప పోయింది.
అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
చచ్చిన చేపని ఏం చెయ్యాలో
కూర తప్ప
మా వంశంలో ఎవరూ నేర్పలేదు.
పంటికి పెట్టే దూదిలో చుట్టి
పెరట్లో మందారం కింద లోతుగా పాతాను,
పిల్లి తవ్వకుండా ఇటుక పెట్టి.
అమ్మకి చెప్పలేదు.

జోకరు తొమ్మిదో రోజు తిండికి పైకొచ్చింది.
రవ్వ పలుకులు రాలాయి, మళ్ళీ రెండు వచ్చాయి,
మళ్ళీ రాలాయి.
పైపు ముక్కలోంచి మొహం బయటపెట్టి
నా చొక్కా గుర్తుపట్టినట్టు చూస్తుంది.
నిజానికి చూసేది డబ్బా కేసి.

ముందు గదిలో పెద్ద తొట్టె అలాగే ఉంది.
లైటు వేస్తాను, నీళ్ళు తిప్పుతాను,
రొయ్యకి చిటికెడు మేత.
చేప మాత్రం పెట్టకూడదు, డెబ్బై ఆరు రోజులు.
కంటికి కనపడనివి అందులో పుడతాయి,
వెతుక్కుంటాయి,
ఎవరూ లేక పోతాయి.

నిన్న లేసులు అల్లే ఆవిడ
వాచిన బుగ్గ పట్టుకుని కూర్చుని
అద్దం కేసి చూసి చూసి అడిగింది:
"ఖాళీ తొట్టెకి ఈ లైటెందుకు బాబూ, కరెంటు దండగ."

ఖాళీ కాదమ్మా, అన్నాను.
ఇవాళ్టికి నలభై ఒకటి.
మీ పేరు పిలుస్తున్నారు, వెళ్ళండి.